పిచ్చుక పేరు మీద అరవై గంటలు

అత్తయ్య మడమకి నూనె రాస్తున్నాను. మంచం రాపిడికి పుండు పడకుండా రోజూ రాయాలి. ఆవిడకి కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయి మూడేళ్ళయింది. ముందు గదిలోంచి మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"నువ్వెలాగూ చేస్తున్నావుగా. ఆ గంటలేవో పిచ్చుక పేరు మీద రాసెయ్యి."

పిచ్చుక మా అమ్మాయి. పుట్టినప్పటినుంచీ నోరు మూతపడదని ఆయనే పెట్టిన ముద్దుపేరు. ఈ ఏడాదితో దాని స్కూలు చదువు పూర్తవుతుంది. పూర్తవ్వాలంటే ఇప్పుడు పాస్ మార్కులొక్కటే చాలవు. ప్రతి సబ్జెక్టులోనూ ఎనభై శాతం హాజరుండాలి, ఒక ప్రాజెక్టు చెయ్యాలి, ఆపైన అరవై గంటలు ఎవరికైనా సేవ చేసి ఉండాలి. ఆసుపత్రిలోనైనా సరే, ఇంట్లో మంచాన ఉన్న మనిషికైనా సరే. చూసిన పెద్దవాళ్ళెవరైనా సంతకం పెట్టాలి. ఇందులో ఏది తగ్గినా సర్టిఫికెట్ ఇవ్వరని నియమాల పుస్తకంలో నల్లటి అక్షరాలతో వేశారు. పిచ్చుకది క్లాసులో మొదటి ర్యాంకు. సేవ మాత్రం సున్నా. గడువు ఆరు వారాలు.

చేతులు కడుక్కొచ్చి ఫారం ముందేసుకున్నాను. రెండో తేదీ, ఉదయం ఆరు నుంచి ఏడు, స్నానం చేయించడం, పక్కబట్టలు మార్చడం అని మొదటి వరసలో రాశాను. ఆ గంట నాకు బాగా గుర్తుంది. అత్తయ్యని ఒక్కదాన్నే లేపబోతే నడుం పట్టేసింది. గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఎదురుగా పిచ్చుక గది తలుపు మూసి ఉంది. దాని మీద వాళ్ళ నాన్న అంటించిన కాగితం, 'చదువు జరుగుతోంది, పిలవొద్దు' అని.

ఆ కాగితం చూసినప్పుడల్లా లోపల ఏదో చురుక్కుమనేది. అలసట అనుకునేదాన్ని. కాదు, అసూయ. కన్నకూతురి మీద. దాని టేబుల్ దీపం మీద, పరీక్షలప్పుడు వాళ్ళ నాన్న స్వయంగా పెట్టి తీసుకెళ్ళే టీ కప్పు మీద, 'పాప సరిగా నిద్రపోతోందా అండీ' అని ఫోన్ చేసి కనుక్కునే క్లాస్ టీచర్ మీద. నా చదువు ఆఖరి ఏడాదిలో అమ్మకి ఆపరేషనై మంచం పట్టింది. తమ్ముడి చదువు పాడవకూడదని నన్ను మానిపించారు. నలభై రోజులు. తిరిగి వెళ్తే హాజరు చాల్లేదని మూడు సబ్జెక్టుల పరీక్షలకి కూర్చోనివ్వలేదు. వచ్చే ఏడాది రాద్దువులే అన్నారు నాన్న. వచ్చే ఏడాదికి పెళ్ళయింది. ఏ పని చేసినందుకు నా హాజరు కొట్టేశారో, అదే పనికి ఇప్పుడు గంటలు కట్టి సర్టిఫికెట్ ఇస్తున్నారు. అదీ నా కూతురికి. అదీ పని నేను చేస్తే.

ఉదయం పూట నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. ముక్కు మీద ఫ్రేము ఎక్కడ ఆగుతుందో మనిషిని చూడగానే చెప్పగలను. పోయిన నెల కౌంటర్ బాధ్యత కొత్తగా వచ్చిన పిల్లకి ఇచ్చారు. "నీకు పనొచ్చమ్మా, కాగితం లేదు. ఆ పిల్లకి కాగితం ఉంది. పని నువ్వు నేర్పుదూ," అన్నాడు ఓనరు, ఎంతో మర్యాదగా. నేర్పుతున్నాను. ఆ పిల్లకి పంతొమ్మిదేళ్ళు. నన్ను ఆంటీ అంటుంది.

రెండో వరస రాయబోయాను. మొదటి వరసని అడ్డంగా కొట్టేశాను.

"నేను రాయను," అన్నాను.

ఆయన పేపరు మడిచాడు. "పిల్ల ఏడాది పోతుందే! నువ్వు చేసేదే కదా, కొత్తగా నీ సొమ్మేం పోయింది?"

పిచ్చుక గదిలోంచి వచ్చింది. కొట్టేసిన వరస చూడగానే ముఖం ఎర్రబడింది. "నాకు తెలుసు నాన్నా. అమ్మకి నేనంటే కుళ్ళు."

ఏ తల్లైనా లేదనాలి. నేనూ లేదనే అనబోయాను. మాట నోటిదాకా వచ్చింది కూడా.

"అవునే, కుళ్ళే," అన్నాను. "అయినా నువ్వు పాసవ్వాలి. రోజుకి రెండు గంటలు, ముప్ఫై రోజులు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా నాయనమ్మని నువ్వు చూసుకో. చేసినదానికి సంతకం పెడతాను."

ఇద్దరూ నా వైపు చూశారు. పాలవాడో పేపరువాడో పొరపాటున లోపలికొచ్చి మాట్లాడినట్టు చూశారు.

మర్నాటినుంచి మొదలుపెట్టింది. మొదటి రోజు దుప్పటి మీద నీళ్ళు ఒలికించింది. చెంచాతో జావ పెట్టమంటే ముక్కు మీద పూసింది. అత్తయ్య నవ్వింది. నిజంగా, పళ్ళు కనబడేలా. "నా మనవరాలి చెయ్యి తగిలితే ప్రాణం లేచొచ్చింది," అంది వంకర తిరిగిన నోటితోనే. మూడేళ్ళలో నాతో అన్న మాటలు నీళ్ళు వేడెక్కువయ్యాయని, వేడి చాల్లేదని. మా ఆయన నాయనమ్మా మనవరాళ్ళని ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాడు. పది నిమిషాల్లో ఆడపడుచు ఫోను. "వదినా, ఎంత మంచి పిల్ల! మా అన్నయ్య పెంపకం అలాంటిది!"

నేను దుప్పటి ఉతుకుతున్నాను. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి ఊఁ కొట్టాను. కళ్ళలో కారం పడ్డట్టు మండింది. పదిహేడేళ్ళ పిల్ల మీద, అది నా పిల్లని తెలిసీ, ఇంత మంట ఏమిటని సిగ్గేసింది. సిగ్గేసినంత మాత్రాన మంట తగ్గలేదు. దాని చేతిలోంచి చెంచా లాక్కుని, ఇలా కాదు, ఇలా పట్టుకోవాలి అని అందరి ముందూ చూపించాలనిపించింది. నాలుగో రోజు నిజంగానే లాక్కున్నాను.

"నువ్వు పక్కన నిలబడితే నా వల్ల కాదు. బయటికెళ్ళమ్మా!" అని అరిచింది.

వెళ్ళాను. సాయంత్రం ఐదున్నరకి చేతిలో సంచి లేకుండా, కొనాల్సింది ఏదీ లేకుండా వీధిలోకి రావడం ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మందుల షాపు దాటాను, లాండ్రీ దాటాను. కాళ్ళు పిచ్చుక స్కూలు దగ్గర ఆగాయి. లోపల లైట్లు వెలుగుతున్నాయి. కింది గదిలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ, కొందరు నాకంటే పెద్దవాళ్ళు, చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్ళు ఇరుక్కుని కూర్చుని ఉన్నారు. ఒకావిడ బోర్డు దగ్గర నిలబడి లెక్క చేస్తోంది. ఆవిడెవరో నాకు తెలియదు. ఆ సుద్దముక్క కోసం ఆవిడ మీద కూడా కుళ్ళుకున్నాను.

ఆఫీసులో ఉన్న గుమాస్తా అమ్మాయి నన్ను కూర్చోమంది. మధ్యలో మానేసినవాళ్ళకి సాయంత్రం క్లాసులని, పాత మార్కులు చెల్లుతాయని చెప్పింది. నా పేరూ, చదివిన స్కూలూ, మానేసిన ఏడాదీ రాసుకుంది. రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్తే నా పాత రికార్డు తెప్పించి పెట్టింది. మూడు సబ్జెక్టులు మిగిలున్నాయి.

"ఐదు నుంచి ఏడు క్లాసులు. ఎనభై శాతం హాజరు తప్పదు," అంది. తర్వాత కొంచెం మొహమాటంగా, "ఇంకోటుంది మేడమ్. కొత్త నియమం పెద్దవాళ్ళకీ వర్తిస్తుంది. అరవై గంటలు సేవ చేసుండాలి. చేరేముందు చేసినవైనా పరవాలేదు. ఇంట్లో ఎవరికైనా... మీకు కుదురుతుందా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వుతుంటే పాపం ఆ పిల్ల మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ముప్ఫై రోజులూ పూర్తయిన సాయంత్రం పిచ్చుక ఫారం నా ముందు పెట్టింది. ప్రతి వరసా దాని చేతిరాతే, ప్రతి గంటా అది చేసిందే. సంతకం పెట్టాను. అది వెంటనే వెళ్ళిపోలేదు.

"అమ్మా, నాయనమ్మని రోజూ ఒక్కదానివే ఎలా లేపుతావు? నాకు ఇప్పటికీ నాన్న సాయం కావాలి."

"అలవాటు."

"అది అలవాటయ్యే బరువు కాదమ్మా," అంది. ఏడుపొస్తుందేమోనని ఫారం దాని చేతిలో పెట్టి వంటింట్లోకి నడిచాను.

మర్నాడు నా ఫారం మా ఆయన చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు. "ఈ వయసులో నీకెందుకివన్నీ? నవ్వుతారు," అని తిరిగిచ్చేశాడు. చూసిన పెద్దవాళ్ళెవరైనా సరే అని కదా నియమం. అత్తయ్య దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఏమిటది?" అంది.

"మీకు నేను చేసిన గంటలత్తయ్యా. సంతకం కావాలి."

"ఎన్నని రాశావు?"

"అరవై."

"అబద్ధం," అంది ఆవిడ.

ఫారం వెనక్కి తీసుకోబోయాను. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం మిగిలుందని నాకు తెలియదు. "మూడేళ్ళకి అరవయ్యేమిటే? లెక్కలు రావా నీకు?"

"అంతవరకే అడిగారత్తయ్యా."

పెన్ను వేళ్ళ మధ్య ఇరికించాను. ఒక్కో అక్షరానికీ ఆగి, పళ్ళు బిగించి పెట్టింది సంతకం. వానపాము పాకినట్టుంది. పెన్ను వదిలేసి కళ్ళు మూసుకుని అంది. "దాన్ని మెచ్చుకున్నానని ఉడుక్కున్నావు కదూ. అది రెండు రోజులు చేసి పోయేది. మెచ్చుకోకపోతే మర్నాడు వస్తుందా?"

నన్ను మెచ్చుకోకపోయినా వస్తానని ఆవిడకి తెలుసు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను, సోమవారం నుంచి క్లాసులని. మా ఆయన ముద్ద మధ్యలో ఆపాడు.

"ఐదింటికి అమ్మనెవరు చూస్తారు?"

"మీరు. ఐదింటికల్లా వచ్చి టీవీ ముందేగా కూర్చునేది. పిచ్చుక నేర్పుతుంది, దానికి వచ్చు."

పిచ్చుక తల దించుకుని నవ్వు దాచుకుంది. ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆపిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

సోమవారం క్లాసు నుంచి తిరిగొచ్చేసరికి అత్తయ్య గదిలోంచి మాటలు వినిపిస్తున్నాయి. "నా తండ్రే! మగాడివై ఉండి ఎంత ఓపికరా నీకు!" గుమ్మంలో నిలబడి విన్నాను. ఒక్క పూట. ఒకే ఒక్క పూట చేశాడు. ఒళ్ళు భగ్గుమంది. మండితే మండనీ అనుకుని, ఎవర్నీ పలకరించకుండా వెళ్ళి లెక్కల పుస్తకం తెరిచాను.