కోడలికి చెప్పిన ఆకు

సుబ్బులమ్మ కట్టు జారిపోయింది. పొద్దున్నే పాకాల ఆస్పత్రిలో అందరి నోటా అదే మాట. టమాటా వ్యాను బోల్తా పడి విరిగిన ముంజేతికి మొన్న ఐశ్వర్య వేసిన ఆకుకట్టు బీటలిచ్చి, వెదురు దబ్బలతో సహా మణికట్టు మీదికి దిగిపోయింది. ఎక్స్‌రే తీస్తే ఎముక పక్కకు జరిగి ఉంది. మళ్లీ లాగి సరిచేయాలి. ఆ నొప్పి తలుచుకునే కాబోలు, సుబ్బులమ్మ చెయ్యి ఒళ్లో పెట్టుకుని ముడుచుకు కూర్చుంది.

వెనక వరండాలో రోలు ముందు కూర్చున్న గంగులమ్మకి మాత్రం చెవులు రెండూ లోపలే ఉన్నాయి. ఆమె తండ్రి మునెయ్య కోడల్ని మందలిస్తున్నాడు.

"ఏమ్మా, దబ్బలు బిగించేటప్పుడు సూసుకోవద్దా?"

"తప్పయింది మామా," అంది ఐశ్వర్య.

గంగులమ్మకి కడుపు చల్లబడింది. పడనీ మాటలు. రోజూ తళతళలాడే ఆ తెల్లకోటు ఒక్కరోజైనా మాసిపోనీ.

తప్పు ఐశ్వర్య బిగింపులో లేదని గంగులమ్మకి తెలుసు. ఆకుముద్ద మెత్తగా ఉంటేనే గుడ్డుసొనతో కలిసి గట్టిగా బిగుసుకుంటుంది. మొన్న ఆమె కావాలనే బరగ్గా రుబ్బింది.

ఎందుకంటారా? ఈ ఆస్పత్రి ఒకప్పుడు బెల్లం మండీ. ఇది ఆస్పత్రి కాకముందు డాక్టర్ జ్ఞానాంబ పిండికట్టు వేసి పంపితే జనం ఇంటికెళ్లి దాన్ని కోసేసి ఆకుకట్టు కోసం మునెయ్య ఇంటి అరుగు ఎక్కేవాళ్లు. మునెయ్య కట్టు విప్పాక వేళ్లు వంగనివాళ్లు మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. చివరికి ఒకరోజు ఆమే వెళ్లి ఆ అరుగు మీద కూర్చుంది. "మునెయ్యన్నా, ఒకే మనిషిని ఇద్దరం చెరోపక్క చెడగొడతా ఉండాం. ఒకచోట కూర్చుందాం," అంది. మండీ అద్దెకు తీసుకుని అలా మొదలుపెట్టారు. ముందు ఎక్స్‌రే. ఎముక చర్మం చీల్చుకొస్తే తిరుపతికి పంపాలి. లేకుంటే పిండికట్టో ఆకుకట్టో రోగి ఇష్టం. మర్నాడు ఇద్దరూ కలిసి వేళ్లు తడిమి చూడాలి. కట్టు విప్పాక కసరత్తు గది. మంచి పద్ధతే, ఎవరూ కాదనరు.

ఒక్క ఆకు దగ్గర మాత్రం డాక్టరమ్మ తల పక్కకు తిప్పుకుంది. మునెయ్య ఇంట్లో ఆకు పేరు కొడుకుకి చెబుతారు, వాడు ఈ పనిలో లేకపోతే కోడలికి చెబుతారు. కూతురికి మాత్రం చెప్పరు, ఇంకో ఇంటికి పోయే మనిషి కాబట్టి. "అది మీ ఇంటి సంగతి," అని ఊరుకుంది జ్ఞానాంబ. ఎంత చదివితే ఏం.

గంగులమ్మ ఇంకో ఇంటికి పోయింది, మొగుడు చనిపోయాక తిరిగొచ్చింది. వచ్చిన మర్నాటి నుంచి రోలు ముందే ఉంది. అయినా ఇంకో ఇంటి మనిషే! మునెయ్య తెల్లారకముందే ఆకు కోసుకొచ్చి, తలుపేసుకుని సన్నగా తరిగి, వాసన కూడా అందకుండా వేపాకు కలిపి ఆమెకు బుట్ట ఇస్తాడు. ఆమె నాలుక మీద వేసుకుని చూసింది. కొండవార తిరిగి కనబడిన ఆకునల్లా నలిపి చూసింది. చేదు తప్ప ఏమీ తెలియలేదు.

తమ్ముడు ధనశేఖర్ ఈ పని నాకొద్దని శ్రీ సిటీ ఫ్యాక్టరీలో చేరాడు. నాయన చేతులు వణకడం మొదలైంది. ఇక నాకే చెబుతాడు అనుకుంది పిచ్చిది. ధనశేఖర్ పెళ్లయింది, మునెయ్య కొత్త కోడల్ని కొండకు తీసుకుపోయాడు. ఆ రోజు గంగులమ్మకి అన్నం సయించలేదు. జనం ఐశ్వర్యని "కట్టమ్మా" అని పిలుస్తుంటే పచ్చబడి పగిలిన తన చేతులు కొంగులో దాచుకునేది. ఆ పిల్ల నవ్వినా ఒళ్లు మండేది, నవ్వకపోయినా మండేది.

ఇప్పుడు ఆ పిల్లే గిన్నె పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"ముద్ద అయిందా వదినా?"

"అయినప్పుడు ఇస్తాలే."

ఐశ్వర్య పక్కన గొంతుక్కూర్చుంది. "మొన్న బరగ్గా ఉన్నింది వదినా. చేతికి తెలిసింది. నిన్ను అడిగితే ఏమనుకుంటావో అని గమ్మున కట్టేసినా. నాదీ తప్పే. మామకి చెప్పలేదులే. ఈ పొద్దు రవ్వంత మెత్తగా రుబ్బు."

తిట్టినా బాగుండేది. ఆకూ దానిదే, కట్టూ దానిదే, చివరికి మంచితనం కూడా దానిదేనా? తనకి మిగిలిందల్లా సుబ్బులమ్మ ఉసురు.

లోపల సుబ్బులమ్మ కేక పెట్టింది. డాక్టరమ్మ ఎముక లాగుతోంది. గంగులమ్మ పొత్రం వదిలేసి లేచింది. రుబ్బని ఆకు బుట్టతో సహా తీసుకుని లోపలికి నడిచి బల్ల మీద పెట్టింది. వెనకే ఐశ్వర్య కూడా వచ్చింది.

"కట్టింది సరిగ్గానే ఉండాది నాయనా. నేనే బరగ్గా రుబ్బినా. కావాలనే. దీని మీద కడుపుమంటతో." సుబ్బులమ్మ వైపు తిరిగింది. "నీ చెయ్యి చెడగొట్టింది నేనక్కా."

"నీ కడుపు కాల," అంది సుబ్బులమ్మ ఏడుపు గొంతుతో. "నేనేం జేసినానే నీకు?"



మునెయ్య బుట్టను కూతురి వైపు జరిపాడు. "అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు బిన్నా, తొందరగా రుబ్బుకోని రా. ఆకు నల్లబడితే పనికిరాదు."

"రుబ్బను."

"ఏందీ?"

"ఆకు పేరు చెప్పు. పేరు తెలీకుండా ఇంక రుబ్బను."

"ఆడబిడ్డకి చెప్పకూడదు. మా నాయన కాలం నుంచీ అంతే."

"ఆడబిడ్డ చేత రుబ్బించొచ్చునా?"

సరిచేసిన చెయ్యి కదలకుండా పట్టుకుని నిలబడ్డ జ్ఞానాంబ, "పోనీ పిండికట్టు వేసేస్తా సుబ్బులమ్మా," అంది.

"నాకొద్దు. ఆకుకట్టు కోసమే ఈడికొచ్చింది నేను."

ఐశ్వర్య ముందుకొచ్చింది. మామ వైపు చూడకుండా, "వదినా, అది..." అని నోరు తెరిచింది.

"నువ్వు చెప్పొద్దు," గంగులమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నీ నోటితో వస్తే నాకొద్దు. నా నాయన చెప్పల్ల."

మునెయ్య కోడల్ని చూశాడు. కూతుర్ని చూశాడు. డాక్టరమ్మ ఈసారి తల తిప్పుకోలేదు, ఆమె కూడా అతని వైపే చూస్తోంది.

"చెప్పు మునెయ్యా," అంది సుబ్బులమ్మ. "నా చెయ్యి లాగతా ఉండాది."

బుట్టలో తరిగిన ఆకు అంచులు నల్లబడుతున్నాయి.