బిరడా బిగించిన కొత్త వైను

అపొలోనియా తన కూతుర్ని వెండెలిన్‌కి ఇవ్వనంది. వాడు రైన్ నదికి అవతలి గట్టు వాడు. ఆ గట్టు వాళ్ళకి తినడం, తాగడం తెలీదని ఆవిడ నమ్మకం. పొగబెట్టిన చేపకి రీస్లింగ్ వైను, వసంతంలో తెల్ల ఆస్పరాగస్ కాడలకి సిల్వానర్ వైను. ఈ జతలు తప్పిన ఇంట్లో కాపురం కూడా నిలవదనేది. ఒకసారి ఆవిడ కళ్ళెదుట ఎవడో ట్రౌట్ చేపతో బీరు తాగితే, అవమానం భరించలేక ఆ చేప పళ్ళెంలోంచి లేచి నదిలోకి దూకేసింది. అబద్ధమైతే ఆ చేపనే అడగండి.

కూతురు ఒటీలియా అలిగి మంచం దిగకపోయేసరికి ఆవిడ కాస్త మెత్తబడింది.

"ఆదివారం మధ్యాహ్నం ఉల్లిపాయ టార్టు చేస్తాను. దానికి తగ్గ కొత్త వైను వాణ్ణి తెమ్మను. మా అమ్మమ్మ కుట్టిన బల్లగుడ్డ మీద ఒక్క చుక్క ఒలికిందా, సంబంధం లేదు" అని నాతో కబురంపింది. మధ్యవర్తిని నేనే మరి.

కొత్త వైనంటే ఇంకా పులుస్తూ బుసలుకొట్టే ద్రాక్షరసం. సీసా మీద మూత ఊరికే ఆనించి, నిలబెట్టి మోసుకురావాలి. బిగిస్తే పేలుతుంది. మా చంటిపిల్లలకీ తెలిసిన సంగతే. ద్రాక్షతోటలో పుట్టిన వెండెలిన్‌కి తెలీదా? కానీ ఆ ఒక్క చుక్క భయం వాడి బుర్ర తినేసింది. పడవ ఊగితే ఒలుకుతుందని బిరడా దిగగొట్టి, పైన ఇనుప తీగ చుట్టి తెచ్చాడు.

ఆదివారం ఒటీలియా పొయ్యిలోంచి అప్పుడే తీసిన టార్టు రొట్టె పక్కన ఆ సీసాని పెట్టింది. రొట్టె మీద పందిమాంసం ముక్కలు ఇంకా చిటపటలాడుతున్నాయి.

"బాబాయ్, సీసా మూలుగుతోంది" అన్నాడు వెండెలిన్ నా చెవిలో.

"పెళ్ళిపాటేమో లేరా."

"బిరడా బిగించేశాను."

తీస్తే నురగంతా బల్లగుడ్డ మీదికి. తీయకపోతే? ఒటీలియా టార్టు కోయడానికి సీసా మీదికే వంగింది. తీగ కిర్రుమంది.

వెండెలిన్ లేచాడు. "అత్తమ్మా, ఒక్క నిమిషం..."

"నేనింకా అత్తమ్మని కాలేదు. కూర్చో!"

వాడు కూర్చోలేదు. కోటు విప్పి సీసాకి చుట్టి, పొట్టకి అదుముకుని, కుర్చీ తన్నేసి బయటికి పరిగెత్తాడు.

"చూశావటయ్యా! తెచ్చిందే ఎత్తుకుపోతున్నాడు!" అని ఆవిడ వాడి వెనకే లేచింది.

సీసాని పెరట్లో రాతి తొట్టిలో పడేసి వాడు వెనక్కి తిరిగాడో లేదో, ఢామ్మంది. చర్చి గంట దానంతటదే మోగింది. మేము వెళ్ళేసరికి వాడు నురగలో తడిసి నిలబడ్డాడు. ముంజేతి మీంచి నెత్తురు కారుతోంది. కోటు పీలికలైంది.

"నేనే బిగించాను. బల్లగుడ్డ పాడవుతుందని... తప్పు నాదే" అన్నాడు.

అపొలోనియా కోటులో గుచ్చుకున్న గాజుపెంకుల్ని చూసింది. తర్వాత కూతురి మొహాన్ని చూసింది. చాలాసేపు చూసింది.

"నేలమాళిగలో రీస్లింగ్ ఉందిగా..." అన్నాను ఉండబట్టలేక.

"నోర్ముయ్యవయ్యా. ఉల్లిపాయకి కొత్త వైనే." జేబురుమాలు తీసి వాడి చేతికి కట్టు కట్టింది. "పడవ ఇంకా కదల్లేదు. పోయి ఇంకోటి పట్రా. మూత వదులుగా పెట్టు. ఒలికితే ఒలికింది. నువ్వొచ్చేదాకా టార్టు ఎవరం ముట్టం."

వాడు కదలకుండా అలాగే నిలబడిపోయాడు.

"ఏమే, చూస్తావేం? నువ్వూ వాడితో పో" అంది కూతురితో.

ఇద్దరూ రేవు వైపు పరిగెత్తారు.