ఇల్లు దులిపే మాత్ర

"అన్నయ్యావాళ్ళు సాయంత్రం వస్తున్నారు. ఓ మాత్ర వేసుకుని ఆ ఫ్యాన్లు తుడిచెయ్యి" అన్నాడు మా ఆయన పేపరు తిరగేస్తూ. తలుపు గొళ్ళెం వెయ్యమన్నంత మామూలుగా.

రెండేళ్ళ క్రితం దుమ్ముకి ఊపిరాడక ఆస్పత్రిలో పడితే అయిదు రోజులకని రాసిచ్చిన స్టెరాయిడ్ మాత్రలవి. రోజూ పీల్చమని ఇన్‌హేలర్ కూడా ఇచ్చారు. "ఆ గొట్టం నోట్లో పెట్టుకుంటే చూసేవాళ్ళేమనుకుంటారే? అలవాటైతే ఇక వదలదు" అని అత్తయ్య దాన్ని అటకెక్కించింది. మాత్రలైతే ఎవరికీ కనపడవు. మా ఆయన పాత చీటీ చూపిస్తే చాలు, మందుల షాపువాడు మారుమాట లేకుండా ఇచ్చేస్తాడు. బూజు దులపాలంటే ఒకటి, పరుపులు ఎండెయ్యాలంటే ఒకటి, చుట్టాలొస్తుంటే రెండు. ఈ మధ్య రోజూ. "ఎంత చలాకీగా ఉన్నావో చూడు!" అని ఆయన మెచ్చుకుంటే సిగ్గు లేకుండా పొంగిపోయాను కూడా.

ముఖం ఉబ్బింది. "పుట్టింటికి వెళ్ళకుండానే ఒళ్ళు చేశావే!" అని అత్తయ్య నవ్వింది. మెట్లెక్కుతుంటే తొడల్లో సత్తువ ఉండేది కాదు. తలుపు అంచు తగిలినా చర్మం నల్లగా కమిలేది. నిన్న ఎవరికీ చెప్పకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఎప్పుడు వేసుకుంటారు? ఆయాసం వచ్చినప్పుడా?"

"కాదండీ. ఇల్లు దులిపేముందు."

ఆవిడ రాయడం ఆపేసింది. ఈ మాత్రల్లో ఉండేలాంటిదే ఒంట్లో దానంతటది తయారవ్వాలట, ఇన్నాళ్ళు మాత్రలు మింగడంతో అది ఈపాటికి తయారవడం మానేసి ఉండొచ్చంది. "భయపడి ఒక్కసారిగా ఆపేశారనుకోండి, ప్రాణం మీదికొస్తుంది. నేను రాసినట్టే కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఇన్‌హేలర్ రోజూ పీల్చండి, అందులో మందు చాలా కొద్ది. దుమ్ము జోలికి మాత్రం పోకండి."

మింగినా భయమే, మానినా భయమే. దారి పొడుగునా అదే ఆలోచన. తీరా గుమ్మం ఎక్కాక, చావుకన్నా ఈ సంగతి ఇంట్లో చెప్పడమే నాకెక్కువ భయంగా ఉందని తెలిసి ఇంకా హడలిపోయాను. నోరు విప్పలేదు.

ఇప్పుడు చెప్పాను. తడబడుతూనే, ఏదీ దాచకుండా. మా ఆయన మొహం పాలిపోయింది. నా కోసమే అనుకున్నాను, ఒక్క క్షణం.

"ఇంటిపని కోసం వేసుకుంటున్నానని చెప్పేశావా? మన గురించి ఏమనుకుంటుంది ఆవిడ!"

చేతిలోని గుడ్డని ఆయన పేపరు మీద పెట్టాను. "తుడిచాక కిటికీలు బార్లా తెరిచి ఉంచండి. దుమ్మంతా పోయేదాకా నేను కింది ఇంటి అక్కయ్య దగ్గర కూర్చుంటాను" అన్నాను.

వెనకనుంచి ఆయన పిలుస్తూనే ఉన్నాడు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగాను.