ఖాళీగా ఉంచిన అర

ఆ దీవిలో సముద్రం రాత్రీ పగలూ ఏదో గొణుగుతూనే ఉంటుంది. నవోమికి నాలుగేళ్లప్పుడు వాళ్ల నాన్న దైవాశీర్వాదం గారు గుంటూరు జిల్లా నుంచి వచ్చి అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేరారు. అప్పటినుంచీ ఆ గొణుగుడు వింటూ పెరిగింది. ఇప్పుడది వినపడకపోతే నిద్ర పట్టదు. పసిఫిక్ నడుమ అమెరికా జెండా కింద ఉన్న దీవి అది. రాష్ట్రం కాదు, టెరిటరీ. అధ్యక్షుణ్ని ఎన్నుకునే ఓటు అక్కడివాళ్లకి లేదు గాని, గవర్నర్‌నీ లెఫ్టినెంట్ గవర్నర్‌నీ మాత్రం వాళ్లే ఎన్నుకుంటారు.

ఈ ఏడు ఆ ఎన్నికల రూల్స్ మారాయి. ఇదివరకు రెండు పదవులకీ వేరువేరుగా ఓటేసేవారు. ఇకమీదట ఇద్దరూ జంటగా నిలబడాలి, జంటకి ఒకటే ఓటు. ఒకరికి అర్హత లేదని తేలితే రెండోవాళ్లూ ఇంటిదారి పట్టాల్సిందే. కనీస వయసు నలభై నుంచి ముప్ఫైకి దించారు. అది చదివి ముప్ఫై నాలుగేళ్ల నవోమికి రెక్కలొచ్చినట్టయింది. ఆ కిందే ఇంకో ముక్క ఉంది. గడిచిన ఐదేళ్లలో అభ్యర్థి దీవిని కాదని మరోచోట ఇల్లు ఏర్పరుచుకుని ఉండకూడదు. చట్టాలు చేసేవాళ్ల తీరే అంత, ఒక చేత్తో తలుపు తీస్తారు, రెండో చేత్తో గొళ్లెం పెడతారు.

గవర్నర్‌గా తను, లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఆమె జంటగా నిలబడదామని సెనేటర్ టోమస్ అడిగాడు. తెల్లజుట్టు, మెల్లటి మాట. కిందటి తుఫానులో, పైవాళ్ల ఆర్డరు కోసం చూడకుండా స్కూలు తలుపులు తెరిచి జనాన్ని లోపలికి రమ్మన్న వైస్ ప్రిన్సిపాల్ ఈమేనని ఆయన మరిచిపోలేదు. నవోమి సరేనంది. ఆ పదవి మీద మోజు లేదని అంటే అబద్ధమే. కానీ అంతకంటే పెద్ద ఆశ ఒకటుంది. 'నువ్విక్కడిదానివే' అని ఆ దీవి ఒక్కసారి నోరు తెరిచి అంటే వినాలని.

సరిగ్గా అక్కడే ప్రత్యర్థుల లాయరు పట్టుకున్నాడు. మూడేళ్ల కిందట ఆవిడ దీవి వదిలి, అసలు అమెరికాలో బాతెల్ అనే ఊళ్లో కాపురం పెట్టిందని ఎన్నికల కమిషన్‌కి ఫిర్యాదు చేశాడు.

కాపురమా, పాడా! పురిటికెళ్లింది. మాస్టారు పోయాక వాళ్లమ్మ జోసఫిన్ బాతెల్‌లో కొడుకు దగ్గరికి చేరింది. అమ్మ ఎక్కడుంటే అదే పుట్టిల్లు. ఏడో నెలలో వెళ్లి, పాపకి ఐదో నెల వచ్చాక తిరిగొచ్చింది. ఇందులో వింతేముందో గుంటూరు జిల్లాలో ఎవర్నడిగినా నవ్వుతారు. ఏం లాభం, కమిషన్ సభ్యుల్లో గుంటూరువాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లు జోసఫిన్‌ని వీడియోలో సాక్ష్యం చెప్పమన్నారు.

"అత్తయ్యగారికి ముందే కాల్ చేసి ప్రిపేర్ చెయ్యి," అన్నాడు నవోమి భర్త షాలోమ్. "మా అమ్మాయి గెస్ట్‌గా వచ్చింది అని ఆవిడ ఒక్క ముక్క చెప్తే చాలు."

"అమ్మ చేత ఆ మాట అనిపించమంటావా?"

తన పెళ్లినాడు చర్చి మెట్ల మీద ఎవరో పెద్దావిడ 'ఇంక నీ పిల్ల కాదులే జోసఫిన్' అని పరాచికమాడితే, అమ్మ అందరి ముందూ కస్సుమంది. నవోమి ఫోన్ చెయ్యలేదు.

విచారణనాటి ఉదయం ఆమె ఆ హాల్లో కూర్చుందన్న మాటేగాని మనసు అక్కడ లేదు. కిటికీలోంచి సముద్రం గొణుగుతుంటే, అందులోంచి బాతెల్ వాన వినిపించింది. సాంబ్రాణి పొగ, నీళ్లు కారే దేవదారు చెట్లు, పాప మాడున అమ్మ అరచెయ్యి. ఆ నెలలన్నీ ఎవరో తనకి చెప్పిన కలలా ఉన్నాయి.

తెర మీద జోసఫిన్ కనిపించింది. దీవిలో తెల్లవారింది, అమ్మ దగ్గర ఇంకా నిన్నటి మధ్యాహ్నమే. నిన్నట్లో కూర్చుని ఆవిడ బైబిల్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది.

"మీ దృష్టిలో ఆ ఇల్లు మీ అమ్మాయిదేనా?" అని అడిగాడు లాయరు.

"నా దృష్టిలోనా సర్? ఎప్పటికీ తనదే. బీరువాలో ఒక అర తన కోసమే ఖాళీ చేసి ఉంచాను."

లాయరు తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలాడు. టోమస్ కళ్లు మూసుకున్నాడు. అంతా అయిపోయిందనుకుంది నవోమి. అమ్మ మీద కోపం రాలేదు, అదే ఆశ్చర్యం.

"కానీ మీరు నా సంగతి అడిగారు, తన సంగతి అడగలేదు," అంది జోసఫిన్. తనకొచ్చిన ఇంగ్లిష్‌లోనే మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుంటూ. "ప్రమాణం చేశాను కదా, అదీ చెప్పాలి. ఆ అరలో తను ఒక్క చీర పెట్టలేదు సర్. ఉన్నన్నాళ్లూ పెట్టెలోంచి తీసుకుని కట్టుకుంది, మళ్లీ పెట్టెలోనే మడిచిపెట్టింది. సర్దుకోవే అని ఎన్నిసార్లన్నానో. సాయంత్రమైతే పాపని భుజానేసుకుని, మనింటికి ఎప్పుడెళ్దాం, మన సముద్రం దగ్గరికి ఎప్పుడెళ్దాం అని పాడేది. నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని."

లాయరు కుర్చీలో ముందుకి వంగాడు.

"నా బిడ్డ ఇల్లు నా దగ్గర లేదు సర్. మీ దగ్గరుంది." అని ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

కమిషన్ కాసేపు గుసగుసలాడి, ఫిర్యాదు చెల్లదని తేల్చింది. నవోమికి అర్హత ఉందన్నారు. టోమస్ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏదో అన్నాడు. 'నువ్విక్కడిదానివే' అనే కాబోలు. ఆమె చెవికెక్కలేదు. బయటికొచ్చి అలల ఎదురుగా గోడ మీద కూర్చుని అమ్మకి ఫోన్ చేసింది.

"నువ్వు వినేదానివని నాకు తెలీదమ్మా."

"తెలిస్తే పాడటం మానేసేదానివి. మరి పిల్ల పడుకోవద్దూ?"

నవోమికి ఏడుపొచ్చింది. అమ్మని అంత నొప్పించానని అంతకాలమూ తెలియనందుకు ఏడ్చింది. అన్నీ విని కూడా అమ్మ తనని ఒక్క మాటా అననందుకు ఇంకా ఏడ్చింది. ఊరుకోవే, ఊరుకో అంటూ అమ్మ నిన్నట్లోంచి సముదాయించింది.

"ఆ అర ఇంకా ఉందా?" చివరికి అడిగింది నవోమి.

"ఖాళీగానే ఉంది. మీ వదిన దుప్పట్లు పెడతానంటే వద్దన్నాను."

"ఈసారి వచ్చినప్పుడు బట్టలన్నీ అందులోనే సర్దుతానమ్మా."

అవతల వాన చప్పుడు.

"వద్దులే తల్లీ," అంది జోసఫిన్. "నాలుగేళ్లకి మళ్లీ ఎలక్షన్ వస్తుంది. మళ్లీ నన్నే అడుగుతారు."