కరెంటు పోయింది, లే నాన్నా

మా వదిన వీరరాఘవమ్మ ఏడిస్తే పక్కనున్నవాళ్లకు ఏడుపు ఆగేది కాదు. కలిదిండి చుట్టుపక్కల ఎవరింట్లో చావు జరిగినా వెళ్లి శవం పక్కన కూర్చునేది. పోయినవాళ్ల మంచీ మర్యాదా, పడ్డ కష్టం, ఇష్టంగా తిన్న కూర, ఒక్కొక్కటే రాగం తీసి చెబుతుంటే మిగతా ఆడవాళ్లు అందుకునేవారు. ఆ రాగం ఆమెకు వరి ఊడ్పుల్లో అబ్బింది. మా పొలాలన్నీ రొయ్యల చెరువులయ్యాక ఊడ్పులు లేవు, ఊడ్పు పాటలూ లేవు. ఆడవాళ్లు పదిమంది కలిసి గొంతెత్తే చోటు చావిల్లు ఒక్కటే మిగిలింది.

కిందటేడు శ్రావణంలో వదిన కొడుకు ప్రసాదు పోయాడు. రొయ్యల చెరువులో ఏరియేటర్ బాగుచేస్తుంటే కరెంటు కొట్టింది. వాడి కూతురు హర్షిణికి అప్పటికి మూడేళ్లు.

వదిన వాడి తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

"కరెంటు పోయింది లే నాన్నా, లే. జనరేటర్ వెయ్యాలి లే నాన్నా, లే. రొయ్యలు పైకి తేలుతున్నాయి లే నాన్నా, లే."

అవి అప్పటికప్పుడు కట్టిన మాటలు కావు. కరెంటు పోయినప్పుడల్లా ఆమె వాణ్ణి అలాగే లేపేది. ఏరియేటర్లు ఆగితే నీళ్లలో గాలి చాలక రొయ్యలు చచ్చిపోతాయి. వాడు కళ్లు నులుముకుంటూ గట్టు మీదకి పరిగెత్తేవాడు.

మా చెల్లెలి కొడుకు సాయితేజ ఆ ఏడుపంతా ఫోన్‌లో తీశాడు. వాడు తప్పు చేశాడని నేననను. వాళ్లమ్మ మస్కట్‌లో ఎవరింట్లోనో వంట చేస్తోంది, ఆఖరిచూపుకు రాలేకపోయింది. ఆమె కోసం పంపాడు. ఆమె తనతో ఉండేవాళ్లకు చూపించి ఏడ్చింది. వాళ్లలో ఎవరో గొంతు బాగుందని ఇంకెవరికో పంపారు.

మాఘమాసంలో వట్లూరులో బంధువుల పెళ్లి. ఏడాది తిరక్కుండా రానని వదిన గట్టిగా చెప్పింది. పెళ్లికొడుకు తల్లి ఇంటికొచ్చి బతిమాలితే కాదనలేక భోజనాల వేళకి వచ్చింది. బయట ఊరేగింపు మొదలైంది. పెద్ద పెద్ద స్పీకర్లు కట్టిన లారీలోంచి "తాడేపల్లిగూడెం డీజే సూర్యతేజా!" అని కేక వినిపించింది. వెంటనే మా వదిన గొంతు.

"కరెంటు పోయింది..."

లైట్లన్నీ ఒక్కసారి ఆర్పేశారు. చీకట్లో కుర్రాళ్లంతా "లే నాన్నా, లే!" అని అరిచారు. లైట్లు వెలిగాయి. గుండెల మీద గుద్దినట్టు బాస్ మొదలైంది. ముసలాయన ఒకాయన కూడా తువ్వాలు ఊపుతూ గెంతుతున్నాడు.

వదిన ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"మరిదీ, అది నేనేనా?" అని అడిగింది.

నేను కాదంటే బాగుండేది.

మా రామాలయంలో శనివారం భజనకి తాళం వేసేది నేనే. సినిమా పాట ఏది బాగుంటే దాని వరసలో రాముడి పేరు పెట్టి పాడతాం. ఆ వరస ఎవరిదో, ఏం తలుచుకుని కట్టారో ఏనాడూ అడగలేదు. దేవుడి పేరు పెట్టాం కాబట్టి మాది భక్తి, బాస్ పెట్టాడు కాబట్టి ఆ కుర్రాడిది పాపం, అనుకోవచ్చా? ఆ శనివారం నా చేతిలో తాళం తడబడింది.

ఆ పాట ఆగలేదు. జాతరల్లో, పుట్టినరోజుల్లో, ఆటోల్లో అదే. హర్షిణి ఎక్కడ విన్నా "మా నాన్నమ్మ పాట!" అని గంతులేసేది. ఎవరి కోసం ఏడ్చిన ఏడుపో దానికెవరూ చెప్పలేదు.

ఆషాఢంలో వదిన నా దగ్గరికి వచ్చింది.

"నన్నోసారి గూడెం తీసుకెళ్లు మరిదీ, ఆ డీజే కుర్రాడి దగ్గరికి. సంవత్సరీకం దగ్గరికొచ్చింది. ఆ రోజన్నా నేను వాడి కోసం ఏడవాలి. ఏడుద్దామని కూర్చుంటే ఆ డబ్ డబ్ ముందొచ్చేస్తోంది. దాని వెనకాల మాట నడుస్తోంది. అది ఏడుపవుతుందా, చెప్పు?"

డీజే సూర్యతేజకి పాతికేళ్లు కూడా ఉండవు. వదినని చూడగానే కుర్చీ తుడిచి వేశాడు. విషయం వింటుంటే వాడి ముఖం పాలిపోయింది.

"నాకు ఆడియో ముక్క ఒక్కటే వచ్చిందండి అమ్మగారూ. ఎవరో జానపదం పాడారనుకున్నానండి. అమ్మతోడండి, చావు ఏడుపని తెలీదు."

"తీసెయ్యి బాబూ."

"ఇప్పుడే తీసేస్తానండి." మా ముందే తీసేశాడు కూడా. తరవాత తలొంచుకుని, "కానీ ఆగదండి. భీమవరం వాళ్లదొకటుంది, కైకలూరు వాళ్లదొకటుంది. నా దాంట్లోంచి కోసి వాళ్లు చేసుకున్నారండి" అన్నాడు.

"మరి నాది నాకెలా వస్తుంది బాబూ?"

వాడికి అర్థం కాలేదు. "మీ పేరు వెయ్యమంటారాండి?" అని అడిగాడు.

వదిన లేచింది. బస్సెక్కి కలిదిండి వచ్చేశాం.

సంవత్సరీకం రోజు మిట్టమధ్యాహ్నం. పిండప్రదానం అయ్యింది. ప్రసాదు ఫోటోకి దండ వేశారు. ఊళ్లో ఆడవాళ్లంతా వదిన చుట్టూ చేరారు. వాళ్ల ఇళ్లల్లో చావులకు ఆమె ఏడ్చింది. ఇప్పుడు ఆమె మొదలుపెడితే అందుకుందామని చూస్తున్నారు. ఆమె పెదవులు బిగించుకుని కూర్చుంది.

"కొడుకు పోయి ఏడాదేగా అయ్యింది, అప్పుడే కన్నీళ్లింకిపోయాయా?" అని వెనక ఎవరో గొణిగారు.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి.

"కరెంటు పోయింది!" హర్షిణి సంబరంగా లేచి, ఫోటో ముందు చేతులు పైకెత్తి గెంతింది. "లే నాన్నా, లే!"

నిప్పు తొక్కినట్టు దాని తల్లి లేచి చెయ్యెత్తింది. వదిన ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "దాన్నేమీ అనకు" అంది.

పిల్ల మాత్రం వదిన ముఖంలోకి చూస్తోంది. "ఇప్పుడు నువ్వు పాడాలి నాన్నమ్మా. జనరేటర్ వెయ్యాలి అని."

నేను కళ్లు మూసుకుని రాముణ్ణి ఒక్కటే అడిగాను, ఆమె ఏడుపు ఆమెకి ఇవ్వమని. కళ్లు తెరిచేసరికి వదిన నోరు తెరిచే ఉంది. మాట రావడం లేదు. నేలకు ఆనించిన ఆమె చేతివేళ్లు మాత్రం కదులుతున్నాయి, డబ్ డబ్‌మని, ఆ డీజే దెబ్బకే.