ఒక్క జత గ్లౌజులు

ఎరుపు.

నరసరావుపేట దాటగానే ఎరుపు. పట్టాలకు అటూ ఇటూ కళ్ళాలు. కళ్ళాల నిండా ఎండుతున్న మిరపకాయలు. పొద్దుటి ఎండలో ఆ ఎరుపు కిటికీ ఊచల్లోంచి వచ్చి మా మొహాల మీద పడింది.

ఆ వెనకే ఘాటు.

పెట్టెలో అందరం దగ్గాం. తుమ్మాం. పీడీ సార్ హనుమంతరావుగారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "తలుపులు దించండే, సస్తన్నాం ఇక్కడ!" అని అరిచారు. పదిహేను మంది ఆడపిల్లలం కిటికీలన్నీ దించేశాం.

ఒక్కటి దిగలేదు. అది గ్రేస్ కూర్చున్న కిటికీ.

గ్రేస్ దగ్గలేదు. తుమ్మలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ ఘాటులోనే పెరిగింది. మిరప వాసన ఆమె ముక్కుకు ఒక వాసనే కాదు.

అది నేను చూశాను. చూసి, మనసులో పెట్టుకున్నాను.

నంద్యాలలో మ్యాచ్. మా కాలేజీ ఆడపిల్లలు బయటి ఊరికి ఫుట్‌బాల్ ఆడటానికి పోవడం అదే మొదటిసారి. యూనివర్సిటీ సెలెక్టర్ వస్తున్నాడు. ఆయనకు గోల్‌కీపర్ కావాలి. ఒక్కతే కావాలి.

మా జట్టులో గోల్‌కీపర్లం ఇద్దరం. గ్రేస్ ఆడుతుంది. నేను బెంచీ మీద కూర్చుంటాను. గ్లౌజులు మాత్రం ఒక్కటే జత. కాలేజీవి. ఎర్రవి. రెండేళ్ళుగా వాటిలో గ్రేస్ చేతులే ఉన్నాయి.

"నాకు సీటొచ్చిందనుకో," అంటోంది గ్రేస్, కిటికీ వైపు తిరిగి, ఎవరితోనో కాదు, తనతోనే, "ఇంక మా అమ్మ కోతకు పోదు. నేను పోనియ్యను."

సెలెక్టయితే స్పోర్ట్స్ కోటాలో సీటు. సీటు వెనక పీఈటీ ఉద్యోగం. గ్రేస్‌కు అదొక్కటే దారి. అందరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు.

ఎందుకంటే ఆమె అమ్మ రాజమ్మ కోతకు వచ్చేది మా చేలోకే.

రొంపిచర్లలో మాది మిరప చేను. నేను చేను గట్టున గొడుగు వేసుకుని నిలబడతాను. రాజమ్మ సాళ్ళ మధ్య వంగి ఉంటుంది. ఏటా మా ఇంటికి కారం కొట్టేది కూడా ఆమే. రోట్లో పోసి, రోకలితో, వెల్లుల్లీ జీలకర్రా వేసి. మిషన్ కారం మా నాన్న శేషగిరిరావు నోట పెట్టడు. "రాజమ్మ చేత్తో దంచితేనే కారం" అంటాడు. నేను అటు పోతే రాజమ్మ రోకలి ఆపి, "కళ్ళల్లో పడిద్ది, దూరంగా ఉండండి అమ్మాయిగారూ" అంటుంది.

అమ్మాయిగారూ!

ఆమె కూతురు గ్రౌండులో నన్ను "ఏమే" అంటుంది. "ఏమే అపర్ణా, బాలు తేవే!" అని అరుస్తుంది. అందరి ముందూ. నేను గోల్ వెనక్కి పరిగెత్తి, ముళ్ళకంపలోంచి బంతి తీసి, తెచ్చి ఇస్తాను. రెండేళ్ళు తెచ్చి ఇచ్చాను.

కడుపు కాలదా మరి? కాలింది.

నాకు ఆ సీటు అక్కర్లేదు. మా నాన్న నన్ను హైదరాబాదులో చదివిస్తానన్నాడు. ఉద్యోగం కూడా అక్కర్లేదు. గ్రేస్ బెంచీ మీద కూర్చోవాలి. నేను నిలబడాలి. అంతే. అంత చిన్న కోరిక.

వినుకొండ వచ్చింది. కొండ వెనక్కి పోయింది. మార్కాపురం వచ్చింది... పోయింది. ఎరుపు పోయి ఎండు గడ్డి వచ్చింది, గడ్డి పోయి రాళ్ళు వచ్చాయి.

కంభం దాటాక అందరూ టిఫిన్లు విప్పారు. పెరుగన్నాలు, పులిహోరలు, అన్నీ అక్కడే ఊడ్చేశారు. నేను ఇడ్లీలు తిన్నాను. పెరుగన్నం డబ్బా మూత తీయలేదు. మ్యాచ్ అయ్యాక తిందామనుకున్నాను.

ఇడ్లీల్లోకి ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి పొట్లం కూడా మొత్తం తినలేదు. కాస్త మిగిల్చాను. మడిచి గుప్పిట్లో పెట్టుకున్నాను.

"ఏమే," గ్రేస్ నా పక్కకు జరిగింది. "నువ్వు ఎడం పక్కకు దూకటానికి జంకుతావు. నేను చూస్తన్నా గదా. జంకబాకు. ఆడోళ్ళు పెనాల్టీ కొడితే చానామంది అటే కొడతారు. కళ్ళు మూసుకుని ఎడమకు దూకు."

నేను అడిగానా? అడగలేదు. రాజమ్మ కూతురు నాకు నేర్పుతోంది. నేను నవ్వాను. "సరేలేవే," అన్నాను.

గుప్పిట్లో పొట్లం చెమటకు మెత్తబడింది.

గిద్దలూరు దాటింది. దిగువమెట్ట దాటింది. అడవి దగ్గరకొచ్చింది. పచ్చగా, చల్లగా, కిటికీలోకి కొమ్మలు తగిలేంత దగ్గరకు.

ఆపైన బొగద సొరంగం.

కొండ రైలును మింగేసింది. పట్టపగలు చీకటి. మా పెట్టెలో లైట్లు వెలగలేదు. పిల్లలంతా ఒక్కసారిగా కేకలు... నవ్వులు... కేకలు. కెప్టెన్ మహాలక్ష్మి ఈలలు వేసింది.

కిటికీ కొక్కేనికి గ్లౌజులు వేలాడుతున్నాయి. చూడక్కర్లేదు. ఎక్కడున్నాయో నా చేతికి తెలుసు.

గ్రేస్‌కు ఒక అలవాటు ఉంది. ఆట మొదలయ్యే ముందు గ్లౌజులు వేసుకుంటుంది. రెండు చేతులూ పైకెత్తి, గ్లౌజుల పైవైపు కళ్ళకద్దుకుంటుంది. ఎడమ కన్ను, కుడి కన్ను. గట్టిగా. ప్రార్థన అంటుంది. ఏ మ్యాచ్‌కీ మానలేదు.

నేను పైవైపే రుద్దాను. గుడ్డలోకి ఇంకేదాకా రుద్దాను.

ఎరుపు మీద ఎరుపు. ఎవరికి కనపడుతుంది?

వెలుతురు వచ్చింది. గ్రేస్ నన్ను చూసి నవ్వింది. "భయమేసిందా అపర్ణా?" అంది.

నంద్యాలలో ఎండ నెత్తిన కాస్తోంది. గ్రౌండులో పచ్చిక లేదు, అంతా దుమ్ము. గట్టు మీద తెల్ల టోపీ పెట్టుకుని సెలెక్టర్. చేతిలో కాగితం.

గ్రేస్ గోల్ ముందుకు నడిచింది. గ్లౌజులు బిగించుకుంది. చేతులెత్తింది.

ఎడమ కన్ను.

కుడి కన్ను.

గట్టిగా.

నేను బెంచీ మీద కూర్చుని లెక్కపెట్టాను. ఒకటి... రెండు... మూడు... పది దాకా వచ్చాను. విజిల్ ఊదారు. పదకొండు అనేసరికి గ్రేస్ తల విదిలించింది.

పడిపోతుందనుకున్నాను. పడలేదు. కళ్ళు మూసుకునే నిలబడింది. ఒక బంతి వచ్చింది... చప్పుడు విని పట్టుకుంది. నిజం. నా కళ్ళతో చూశాను. రెండో బంతి కాళ్ళ మధ్య నుంచి పోయింది. అప్పుడు మోకాళ్ళ మీద కూలింది.

పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను.

"మంట సార్... మిరప మంట," అంటోంది. కళ్ళు వాచి మూసుకుపోయాయి. నీళ్ళూ చీమిడీ కలిసి గడ్డం మీదుగా కారుతున్నాయి.

పీడీ సార్ అగ్గి మీద గుగ్గిలం అయ్యారు. "కోతకు పోయొచ్చి ఆ చేతులతోనే వస్తావా? బుద్ధుందా నీకు? ఇయ్యాలే దొరికిందా?"

"ఆదివారం పోయా సార్. కడుక్కున్నా. రెండుసార్లు కడుక్కున్నా..."

"కడుక్కుంటే ఇట్టా అయిద్దా?"

గ్రేస్ తన తప్పేననుకుంది. తన చేతులనే అనుమానించింది.

మహాలక్ష్మి సీసా ఎత్తి కళ్ళల్లో నీళ్ళు గుమ్మరించింది. "నీళ్ళొద్దే!" గ్రేస్ కేక పెట్టింది. "నీళ్ళు పోస్తే ఇంకా పాకిద్ది! పెరుగు... ఎవరి దగ్గరన్నా పెరుగుందా? మజ్జిగైనా సరే..."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రైల్లోనే తినేశామే, అన్నారు.

"అపర్ణా?" అంది గ్రేస్. గుడ్డిగా, నా వైపు కాని వైపు చెయ్యి చాచి. "నీ దగ్గరుందా?"

డబ్బా నా సంచిలో ఉంది. సంచి బెంచీ కింద ఉంది. పది అడుగులు.

"లేదే," అన్నాను. "నేనూ తినేశా."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

పీడీ సార్ ఆమె చేతుల నుంచి గ్లౌజులు లాగి నా మీదికి విసిరారు. "పో."

నేను నిలబడ్డాను. గోల్ ముందు. రెండేళ్ళలో మొదటిసారి. చెమట కళ్ళల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. మొహానికి చెయ్యి తగలనివ్వలేదు. నాకు తెలుసు కదా.

మావాళ్ళు ఒకటి కొట్టారు. ఒకటీ ఒకటీ సమానం. ఆట చివర్లో వాళ్ళకు పెనాల్టీ. బంతి పెట్టారు. ఆ పిల్ల వెనక్కి నడిచింది.

నేను కళ్ళు మూసుకున్నాను.

ఎడమకు దూకాను.

బంతి వచ్చి నా చేతుల్లో పడింది. జట్టంతా నా మీద పడింది. సెలెక్టర్ తెల్ల టోపీ తీసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. పీడీ సార్ ఆయనకు నా పేరూ ఇంటిపేరూ చెప్పారు, అక్షరం అక్షరం.

బెంచీ మీద గ్రేస్ చప్పట్లు కొట్టింది. ఏం జరిగిందో ఆమెకు కనపడలేదు. "పట్టిందా? అపర్ణ పట్టిందా?" అని పక్కవాళ్ళను అడుగుతూ కొట్టింది.

మర్నాడు పొద్దున్నే తిరుగు రైలు.

అదే పెట్టె. గ్రేస్‌కు అదే కిటికీ. ఎదురుగా నేను. కళ్ళు కొద్దిగా తెరుచుకున్నాయి, ఎర్రగా, సన్నగా. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. "దీని చేతుల వల్ల మ్యాచ్ పోయేది," అని వెనక సీట్లో ఎవరో అన్నారు. వినపడేట్టే అన్నారు. నేను కాదనలేదు.

బొగద వచ్చింది. ఈసారి ఎవరూ కేకలు వేయలేదు.

వినుకొండ దాటాక గ్రేస్ తల ఎత్తింది. ముక్కుపుటాలు కదిలాయి. నా సంచి వైపు వంగింది.

"పెరుగు పులిసిందే అపర్ణా," అంది.

నిన్నటి డబ్బా. పారేయడం మర్చిపోయాను! మిరప వాసన తెలియని ఆ ముక్కుకు పులిసిన పెరుగు తెలిసింది.

సంచిని కాలితో సీటు కిందికి తోశాను.

ఆమె చెయ్యి చాచింది. నా ఒళ్ళో ఉన్న గ్లౌజు తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. పైవైపు నాలుక కొసకు తాకించింది. కళ్ళు మూసుకుంది, కూర రుచి చూసే ఆడమనిషి మూసుకున్నట్టు.

"వెల్లుల్లి," అంది. "జీలకర్ర."

ఇంకోసారి నాలుకకు తాకించింది.

"మా అమ్మ దంచిందే ఇది."

రైలు చప్పుడు. పట్టాల చప్పుడు. సావల్యపురంలో ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు.

"సార్‌కు చెప్తావా?" అన్నాను.

"ఏం చెప్పాల?" అంది గ్రేస్. అరవలేదు. అరిస్తే బాగుండు, నేనూ అరిచేదాన్ని. "రేపు మూడో కోత. మీ చేలోనే. మా అమ్మ రావాల. ఇంక రోజూ నేనూ రావాల."

సంతమాగులూరు దాటింది. దూరంగా కళ్ళాలు మొదలయ్యాయి.

గ్రేస్ గ్లౌజులు రెండూ జత చేసింది. దుమ్ము దులపలేదు. జాగ్రత్తగా నా ఒళ్ళో పెట్టింది. రెండు చేతులతో పెట్టింది, పెద్దింటి వాళ్ళకు ఇచ్చేటప్పుడు రాజమ్మ పెట్టినట్టు.

"సెలెక్టయ్యారుగా," అంది. "కళ్ళకద్దుకోండి అమ్మాయిగారూ."

లేచి, కిటికీ తలుపు పైకెత్తింది.

ఎరుపు.

పట్టాలకు అటూ ఇటూ ఎరుపు. ఘాటు పెట్టెలోకి దూకింది. అందరూ దగ్గారు, తుమ్మారు, "దించవే, సస్తన్నాం!" అని అరిచారు.

గ్రేస్ దించలేదు. నా వైపే చూస్తూ నిలబడింది.

నా ఒళ్ళో గ్లౌజులు. ఎర్రగా...