పదిహేడో టేకులో చెంపదెబ్బ

కసుమి ఒకప్పుడు మోటారు సైకిళ్ల ముఠాలో తిరిగిన మనిషి. ఇప్పుడు సినిమాల్లో హీరోయిన్ల బదులు తన్నులు తిని, తన్ని బతుకుతోంది. ఈ సినిమాలో ఆమె హీరోయిన్ చినత్సుకి డూపు. రెండు స్కూళ్ల కుర్రాళ్లు మైదానంలో చితక్కొట్టుకుంటుంటే నడుమ హీరో హీరోయిన్లు డ్యూయెట్ పాడుకోవాలి. పల్లవి చివర ఆమె అతని చెంప పగలగొట్టాలి. ఆ దెబ్బ మరీ దగ్గరగా తీస్తారు కాబట్టి అక్కడ డూపు పనికిరాదు.

వచ్చిన చిక్కల్లా అక్కడే. పదహారు టేకులయ్యాయి. ప్రతిసారీ చినత్సు, హీరో ఇబుకి బుగ్గ మీద దుమ్ము దులిపినట్టు తాకడం, వెంటనే నడుం వంచి "క్షమించండి" అనడం. రౌడీ వేషాల్లో ఉన్న నలభై మంది, పూసుకున్న నెత్తురు ఎండకి కారిపోతుంటే గడ్డిలో కూర్చుని ఈగలు తోలుకుంటున్నారు. ఇబుకి చేతద్దంలో జుట్టు సవరించుకుంటున్నాడు.

దర్శకుడు ముగురుమ కసుమిని పక్కకి పిలిచాడు.

"తల్లీ, ఆ పిల్లకి కాస్త కోపం తెప్పించు. ఎలాగో మాత్రం నన్నడక్కు."

కసుమి రెండు గ్లాసుల చల్లటి బార్లీ టీ పట్టుకెళ్లి చినత్సు పక్కన చతికిలబడింది.

"ఎవర్నైనా కొట్టావా ఎప్పుడైనా?"

"దోమనక్కా. అదీ తప్పించుకుంది."

"చెప్పకూడదనుకున్నా గానీ... నీ పాట వింటే జలుబు చేసిన కప్ప గుర్తొస్తోందట, ఆ ఇబుకిగాడికి."

చినత్సు ఆరో ఏట నుంచి సంగీతం నేర్చుకున్న పిల్ల. టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టేసింది.

పదిహేడో టేకు. పల్లవి ముగిసిందో లేదో, ఫెడీమని మోగింది. ఇబుకి రెండడుగులు వెనక్కి తూలి బురదగుంటలో కూలబడ్డాడు. అదే సైగ అనుకుని నలభై మందీ లేచి ఒకరి మీద ఒకరు పడ్డారు. పాట ఆగలేదు, చినత్సూ ఆగలేదు. ఇబుకి కాలరు పట్టుకుని చరణమంతా అతని మొహంలో మొహం పెట్టి పాడింది. అతను భయం భయంగా పాటకి పెదవులు కదిపాడు. కెమెరా వెనక ముగురుమ చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

"కట్" అన్నాక కసుమికి మనసొప్పలేదు. వెళ్లి ఇబుకి ముందు తలవంచింది.

"తప్పు నాది బాబూ. ఆ కప్ప మాట నువ్వన్నావని నేనే అల్లి చెప్పాను."

"నేను కప్ప అన్లేదండీ!" ఇబుకి బురద తుడుచుకుంటూ గొల్లుమన్నాడు. "బాతన్నాను! ఆ మేకప్పాయన నా మాట మీకు తప్పుగా మోశాడు!"

అనేశాక నాలిక కరుచుకున్నాడు. చినత్సు అతని వెనకే నిలబడి ఉంది.

ఆమె చొక్కా చేతులు మడిచి పైకి లాక్కుని, ఎంతో మర్యాదగా అడిగింది. "దర్శకుడుగారూ, ఇంకో టేకు తీద్దామా?"

"ఎందుకమ్మా, అద్భుతంగా వస్తేనూ!"

"నాకు తృప్తిగా లేదండీ."

ఇబుకి వ్యాను వైపు పరుగు తీశాడు. రౌడీలు నలభై మందీ నవ్వుతూ దారికి అడ్డం నిలబడ్డారు.

"ఈసారి మోచెయ్యి ఇంకాస్త వెనక్కి లాగి కొట్టు," అంది కసుమి.